నోటిని బట్టే గాలం

‘గాలం వేస్తున్నాడు’ అంటే మన భాషలో మంచి మాట కాదు. ఎవరినో బుట్టలో వేసుకోవడానికి తియ్యగా మాట్లాడుతున్నాడని అర్థం. నిజం గాలం పట్టుకుని చెరువు కట్ట మీద గంటల తరబడి కూర్చున్నవాళ్లకు మాత్రం ఆ మాట వింటే నవ్వొస్తుంది. అక్కడ మోసపోయేది చాలాసార్లు చేప కాదు, మనమే. ఎర పోతుంది, పొద్దు పోతుంది, ఒట్టి కట్టె భుజాన వేసుకుని ఇంటికి రావాలి.

పోయిన ఎండాకాలం సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు మా అబ్బాయి ఒక ప్లాస్టిక్ డబ్బా వెంట తెచ్చుకున్నాడు. హైదరాబాద్‌లో ఉండగానే ఆన్‌లైన్‌లో తెప్పించాడట. అరచేతి వెడల్పు డబ్బాలో పది గళ్లు. ఒక్కో గడిలో ఒక్కో సైజు గాలాలు. గోరంత దగ్గర్నుంచి వేలంత దాకా ఉన్నాయి.

“నాన్నా, ఇందులో ఏది కట్టాలి?” అని అడిగాడు. అడగడమే కానీ వాడి చెయ్యి అప్పటికే అన్నిటికన్నా పెద్ద గాలం మీద ఉంది.

నాకు నలభై ఏళ్ల కిందటి ఇంకో చెయ్యి గుర్తొచ్చింది. అది కూడా అన్నిటికన్నా పెద్దదాని మీదికే వెళ్లింది. ఆ చెయ్యి నాదే.

మాది తిరుమలగిరి. ఆ పేరుతో మన రాష్ట్రంలో ఊళ్లకు కొదవ లేదు కాబట్టి చిరునామా చెప్పక తప్పదు. సూర్యాపేట నుంచి జనగామ వెళ్లే రోడ్డు మీద వస్తుంది. 2016 దాకా నల్గొండ జిల్లా, ఆ తర్వాత సూర్యాపేట జిల్లా. మెరక నేల. నా చిన్నప్పుడు మా వైపు లెక్కంతా ఒక్కటే. వాన పడితే చెరువు, చెరువు నిండితే చేప. మత్తడి దూకిన ఏడు ఊరంతా నవ్వుతూ తిరిగేది. దూకని ఏడు కట్ట మైసమ్మ దగ్గర కూడా సందడి ఉండేది కాదు. మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె మొదలైన రోజున, చేప తినకపోతే ఏదో తప్పు చేసినట్టు చూసేవాళ్లు. ఆ రోజు కూర ఉడకని ఇల్లు వెతికితే గానీ దొరికేది కాదు.

చెరువులో చేపలు మత్స్యకారుల సంఘానివి. ఆ సంగతి పిల్లలకు కూడా తెలుసు. కానీ కట్ట మీద కూర్చుని నలుగురు పిల్లలు గాలాలేసుకుంటే సంఘం వాళ్లు చూసీచూడనట్టు పోయేవాళ్లు. మాకు దొరికేవి కూడా అలాంటివే. పరకలు, జెల్లలు, ఎప్పుడైనా అరచెయ్యంత బంగారు తీగ. మా సామాను అంతకన్నా గొప్పది కాదు. ఒక వెదురు కట్టె, నైలాన్ దారం, తెగిన హవాయి చెప్పు ముక్క కోసి చేసిన బెండు, సీసం గుండు, ఒక చిన్న గాలం. ఎరకు బావి దగ్గర తవ్విన ఎర్రలు.

1985 ఎండాకాలం అనుకుంటాను. పొద్దుగూకే వేళ తూము దగ్గర ఒక పెద్ద బొచ్చె నీళ్ల మీదికి వచ్చి పొర్లేది. దాని తల చూస్తేనే గుండె ఝల్లుమనేది. నోరు తెరిస్తే నా పిడికిలి పట్టేంత ఉంది. దాన్ని పట్టాలి. పట్టి భుజాన వేసుకుని బజారు మీదుగా నడవాలి. అప్పుడు నాకు పన్నెండేళ్లు. ఆ వయసులో మనిషికి చేప కన్నా బజారే ముఖ్యం.

పెద్ద చేపకు పెద్ద గాలం కావాలి కదా! నాన్నతో సూర్యాపేట వెళ్లినప్పుడు వలలు, దారాలు అమ్మే కొట్లో అడిగి మరీ కొన్నాను. వాలుగ చేపలకు వేసే గాలం అది. నా చిటికెన వేలంత పొడవు, మొన కింద వెనక్కి తిరిగిన ఎదురు ముల్లు. దారి పొడవునా జేబులో చెయ్యి పెట్టి దాన్ని తడుముతూనే ఉన్నాను.

మూడు రోజులు కూర్చున్నాను. ఒక్క చేప ముట్టలేదు. నాలుగో రోజు సాయంత్రం బెండు కొంచెం కదిలినట్టనిపించింది. మూడు రోజుల కోపమంతా చేతుల్లోకి వచ్చి, కట్టెను బలమంతా పెట్టి వెనక్కి లేపాను. గాలానికి చేప లేదు. ఎర కూడా లేదు. ఖాళీ గాలం గాల్లో ఈల వేసుకుంటూ నా తల మీదుగా వెనక్కి పోయింది.

వెనక మా తమ్ముడు కూర్చుని ఉన్నాడు. తొమ్మిదేళ్లవాడు. ఎర్రల డబ్బా పట్టుకోవడం వాడి పని.

వాడు అరవలేదు. అందుకే నాకు భయమేసింది. రెండు చేతులతో ముఖం పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. చేతులు తీసి చూస్తే గాలం కుడికన్ను కింద, రెప్పకు వేలెడు దూరంలో దిగి ఉంది. నేను దారం పట్టి లాగబోయాను.

“గుంజకు! గుంజితే మాంసం ఊడొస్తది!”

అరిచింది మా వీధి చివరింటి తాత. సంఘంలో సభ్యుడు. వలలు ఆరేయడానికి వచ్చినవాడు పరుగెత్తుకొచ్చాడు. కొడవలితో దారం కోశాడు. తమ్ముడి చెయ్యి గాలం మీదికి పోకుండా తన చేతిలో పెట్టుకుని, సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. నేను సైకిల్ వెంట పరుగెత్తాను.

ఆ డాక్టరు చేసింది ఈ రోజుకీ కళ్ల ముందుంది. గాలాన్ని వెనక్కి లాగలేదు. మత్తు సూది ఇచ్చి, దాన్ని ఇంకొంచెం ముందుకే నెట్టాడు. మొన చర్మం చీల్చుకుని ఇంకోచోట బయటికొచ్చింది. అక్కడ ఎదురు ముల్లు ఉన్న మొనను కట్టర్‌తో కత్తిరించాడు. అప్పుడు మిగిలిన ఇనుము వచ్చిన దారినే నున్నగా వెనక్కి వచ్చేసింది. రెండు కుట్లు, ఒక ధనుర్వాతం సూది. కన్ను దక్కింది.

నాన్న నన్ను కొట్టలేదు. తిట్టలేదు. నా వెదురు కట్టెను మూడు ముక్కలు చేసి పొయ్యి దగ్గర పడేశాడు. ఆ రాత్రి మా ఇంట్లో అన్నం దాంతోనే ఉడికింది. నాకు ముద్ద దిగలేదు.

* * *

పదిహేను రోజుల తర్వాత చెరువు అడుగంటింది. సంఘం వాళ్లు వలలు లాగుతున్నారు. నేను దూరంగా వేపచెట్టు కింద నిలబడి చూస్తుంటే తాత కేకేశాడు. పోనా వద్దా అని కాసేపు ఆలోచించి వెళ్లాను. ఆయన తడి గోనెసంచి పరిచి నాలుగైదు రకాల చేపలు వరసగా పేర్చాడు.

“ఆ పొద్దు ఏ గాలం ఏసినవు బిడ్డా?”

చెప్పాను.

“ఎందుకు?”

“పెద్ద చేప కోసం.”

“గాలం నీ ఆశను జూసి ఏసుడు కాదు. దాని నోరు జూసి ఏసుడు. పట్టు, ఏలు పెట్టి సూడు” అన్నాడు.

నేను ఆ రోజు చేపల నోళ్లలో వేళ్లు పెట్టి చూశాను. అంతవరకు చేపంటే నాకు తల, తోక, మధ్యలో కూర. నోటికొక తీరు ఉంటుందని అప్పుడే తెలిసింది.

మొదట బొచ్చె. పెద్ద తల, పైకి తిరిగిన నోరు, కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. అంటే అది కిందికి వంగి తినే చేప కాదు, నీటి పై పొరల్లో తిరుగుతూ కంటికి ఆనని పురుగూ పాచీ వడగట్టుకుని తినేది. నేనేమో నాలుగు రోజులూ సీసం గుండు కట్టి ఎర్రను అడుగున బురదలో కూర్చోబెట్టాను. అది తినేచోట ఎర లేదు, ఎర ఉన్నచోట అది తినదు. ఇక గాలం ఎంత పెద్దదైతే ఏం లాభం? బొచ్చెకు మెత్తగా పిసికిన పిండి ముద్ద కావాలి. నీళ్లలో పొడిపొడిగా రాలుతూ ఉండాలి. పై నీళ్లలో వేలాడాలి. నోరు వెడల్పు కాబట్టి గాలం కొంచెం పెద్దదైనా సరిపోతుంది. కానీ మరీ సన్నటి తీగతో చేసింది పనికిరాదు. దాని మెత్తటి నోటిని దారంలా కోసేసి జారిపోతుంది.

తర్వాత రవ్వ. కోస్తా వైపు శీలావతి అంటారు. బొచ్చెతో పోలిస్తే నోరు చిన్నది, కొంచెం కిందికి తిరిగి ఉంటుంది. పెదవులు మందంగా, అంచులు కుచ్చుల్లా ఉంటాయి. అది గబుక్కున మింగదు. మర్యాదస్తుల ఇంటి పెళ్లికొడుకులా కొరికీ కొరకనట్టు తింటుంది. బెండు వణుకుతుందే కానీ మునగదు. దానికి చిన్న గాలం, చిన్న ఎర కావాలి.

మ్రిగాలది అడుగున మేసే నోరు. బురద మీద కుళ్లిన ఆకూ అలమూ దాని భోజనం.

చివరికి బంగారు తీగ. తాత దాని కింది దవడ పట్టి మెల్లగా లాగాడు. నోరు గొట్టంలా ముందుకు సాగింది. నాకు నవ్వొచ్చింది.

“నవ్వకు. అన్నిట్ల గిదే తెలివైంది” అన్నాడు తాత. “బురద జుర్రుకుంటది, పనికొచ్చేది ఉంచుకుంటది, పనికిరానిది ఉమ్మేస్తది. నీ ఎర సుత నోట్లె పెట్టుకొని సూస్తది. అందుల ఇనుము బరువు తగిలిందా, తుపుక్కున ఉమ్మేసి పోతది. బెండు సుత కదల్దు.”

నోటి దగ్గర రెండు జతల మీసాలున్నాయి. వాటితోనే బురదలో తిండి వెతుక్కుంటుంది. నోట్లో పళ్లు లేవు. గొంతులో ఉన్నాయి. మక్కగింజనైనా అక్కడే నలిపి పిండి చేస్తుంది. ఇలాంటి నోటికి వేలంత గాలం వేయడమంటే పెళ్లి విస్తరిలో గడ్డపార వడ్డించడమే.

ఇక పక్కనే పడి ఉన్న కొర్రమట్ట నోరు తెరిచి చూపించాడు. నిండా పళ్లు. కప్పను కప్పలాగే మింగే నోరు. పెద్ద గాలం అలాంటి నోటికి. “నువ్వు దీని గాలం దెచ్చి దానికేసినవు” అన్నాడు.

ఆ మాటలో కోపం లేదు. తర్వాత ఆయన చెప్పుల పక్కన పెట్టిన మూట విప్పి ఒక చిన్న గాలం తీశాడు. పటకారుతో మొన కింది ఎదురు ముల్లును మెల్లగా నొక్కి చదును చేశాడు. దాన్ని నా చేతిలో పెట్టాడు.

“ఇది గుచ్చుకుంటే ఎనకకు వస్తది. చేపకైనా, మనిషికైనా.”

* * *

ఆ తర్వాత ఉద్యోగం, హైదరాబాద్, పెళ్లి, పిల్లలు. కానీ గాలం మాత్రం వదల్లేదు. ఏడాదికి నాలుగైదుసార్లయినా ఎక్కడో ఒక నీటి ఒడ్డున కూర్చుంటాను. తాత చెప్పిన ఒక్క మాటకు పుస్తకాల్లో, దుకాణాల్లో, తోటివాళ్ల అనుభవంలో ఎన్ని వివరాలు దొరికినా అన్నీ దాని చుట్టూనే తిరిగాయి. మా అబ్బాయిలా కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు పనికొస్తాయని రాస్తున్నాను.

గాలాల నంబర్లు మొదట అందరినీ తికమక పెడతాయి. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. 12 కన్నా 8 పెద్దది, 8 కన్నా 4 పెద్దది. ఒకటి దాటాక లెక్క తిరగబడి 1/0, 2/0, 3/0 అంటూ పెద్దవైపు పోతుంది. పైగా ఈ నంబర్లకు అన్ని కంపెనీలూ పాటించే ఒకే కొలత లేదు. ఒకరి 6, ఇంకొకరి 8 పక్కపక్కన పెడితే కవలల్లా ఉండొచ్చు. అందుకని డబ్బా మీది అంకె కన్నా కళ్లను నమ్ముకోవడం మేలు.

చూడాల్సింది గాలం పొడవు కాదు. కాడకూ మొనకూ మధ్య ఉన్న ఖాళీ. ఎర గుచ్చాక ఆ ఖాళీలో సగమైనా మిగలాలి. పిండి ముద్దతో ఖాళీ అంతా పూడిపోతే మొనకు పెదవి దొరకదు, చేప వచ్చి ముద్ద తిని పోతుంది. నేను పాటించే లెక్క చెబుతాను. కిలో, రెండు కిలోల బంగారు తీగకు ఒక మక్కగింజ గుచ్చితే 8 నంబరు, రెండు గింజలైతే 6. రవ్వకు చిన్న పిండి గోలీతో 8. ఎర్ర గుచ్చాలంటే కాడ పొడవున్నది సులువు. పెద్ద బొచ్చెకు 4 లేదా 2. అంతకన్నా పెద్దది మా చెరువుల్లో ఈ జాతి చేపలకు నాకెప్పుడూ అవసరం పడలేదు. గాలం చిన్నదైతే పెద్ద చేప తెంపుకుపోతుందని భయపడతారు. తెగేది ఎక్కువగా దారం, లేకపోతే ముడి. మంచి ఉక్కుతో చేసిన చిన్న గాలం పెదవిలో సరిగ్గా దిగితే ఐదు కిలోల చేపనైనా ఒడ్డుకు తెస్తుంది.

మొన పదును చూడటానికి బొటనవేలి గోరు చాలు. గాలం మొనను గోరు మీద ఆనించి, నొక్కకుండా మెల్లగా జరపాలి. గీత పడి పట్టుకుంటే పదును ఉన్నట్టు. జారిపోతే లేనట్టు. రాళ్లకు తగిలి మొన వంగినా, తుప్పు పట్టినా దాన్ని పొదుపు చేయకండి. ఒక మొద్దు గాలం మీద మిగిలే రూపాయల కన్నా పోయే చేప ఖరీదు ఎక్కువ.

బంగారు తీగ ఉమ్మేసే తెలివికి విరుగుడు దూరదేశంలో దొరికింది. 1970ల చివర్లో ఇంగ్లాండులో లెన్నీ మిడిల్టన్, కెవిన్ మడాక్స్ అనే ఇద్దరు గాలగాళ్లు ఎరను గాలానికి గుచ్చడం మానేశారు. గాలం కాడ నుంచి వెంట్రుకంత సన్నటి దారం వేలాడదీసి, ఎరను దానికి కట్టారు. చేప ఎరను జుర్రుకుంటే వెనకే ఖాళీ గాలం కూడా నోట్లోకి పోతుంది. అనుమానం వచ్చి ఉమ్మబోతే మొన కింది పెదవిని పట్టుకుంటుంది. ఇప్పుడు ప్రపంచమంతా ఈ చేపకు ఆ కట్టే వాడుతోంది. చదివినప్పుడు నాకు తాతే గుర్తొచ్చాడు. వాళ్లు కూడా చేసింది చేప నోటిని చూడటమే.

ఆ మాటకొస్తే ఈ విద్య మనకు కొత్తది కాదు. జపాన్‌లోని ఒకినావా దీవిలో ఒక గుహలో నత్తగుల్లతో చెక్కిన గాలాలు దొరికాయి. దాదాపు 23 వేల ఏళ్ల కిందటివని 2016లో ప్రకటించారు. మన దగ్గరికి వస్తే, 1126 నుంచి 1138 దాకా ఏలిన కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు ‘మానసోల్లాసం’ అనే సంస్కృత గ్రంథం రాశాడు. అందులో రాజుల వినోదాల వరసలో గాలంతో చేపలు పట్టడం మీదే ‘మత్స్యవినోదం’ అని ఒక భాగం ఉంది. చేపల రకాలు, వాటికి వేసే మేత, గాలం సరంజామా అన్నీ చెప్పాడు. మన పాత నల్గొండ జిల్లాలోని కొలనుపాక ఆ చాళుక్యుల ఏలుబడిలో పెద్ద పట్టణం. ఈ భాగం గొప్పదనాన్ని 1951లో చేపల శాస్త్రవేత్త సుందర్ లాల్ హోరా లోకానికి వివరించాడు. తొమ్మిది వందల ఏళ్ల కిందటి రాజుకూ, అక్షరం ముక్క రాని మా తాతకూ కుదిరిన చోట ఒకటే. చేప తిండి తెలియకుండా గాలం పట్టకూడదు.

* * *

ఒడ్డున కూర్చునేవాళ్లం తరచూ మరిచిపోయే సంగతి ఇంకొకటుంది. ఆ చేప చెరువులోకి ఎలా వచ్చిందన్నది. బొచ్చె, రవ్వ, మ్రిగాల మూడూ నదుల చేపలు. వరద నీటి పారకంలో గుడ్లు పెట్టే అలవాటు వాటిది. నిలవ నీటి చెరువుల్లో పెరుగుతాయి కానీ సంతానం కనవు. ఒకప్పుడు నదుల్లో పట్టిన పిల్లలనే తెచ్చి చెరువుల్లో వదిలేవారు. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, ఆలికున్హి అనే శాస్త్రవేత్తలు చేప మెదడు కింది పీయూష గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి ఈ చేపలతో గుడ్లు పెట్టించారు. ఇవాళ చెరువుల్లో పెరిగే కోట్ల చేపపిల్లలకు ఆ సూదే తల్లి. జులై 10ని జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకునేది అందుకే.

బంగారు తీగ అసలు మన దేశపు చేపే కాదు. 1939లో ఒక రకం నీలగిరులకు వచ్చింది. 1957లో బ్యాంకాక్ నుంచి వచ్చిన ఇంకో రకం మైదానాల చెరువులకు సరిపోయింది. నీటి మొక్కలకు అంటుకునేలా గుడ్లు పెట్టి చెరువులోనే పిల్లలను చేసుకుంటుంది. వలస వచ్చి, ఊరిలో ఇల్లు కట్టుకుని, చివరికి తెలుగులో అంత అందమైన పేరు పెట్టించుకున్న చేప ఇదొక్కటే కావచ్చు.

మన రాష్ట్రంలో 2016లో చెరువులకు ఉచితంగా చేపపిల్లలు వదిలే పథకం మొదలైంది. ఎవరు వదిలినా వాటిని కాపాడేది, నీళ్లు తగ్గినప్పుడు వల లాగి అమ్ముకునేది సంఘం వాళ్లు. ఏడాదంతా ఎదురుచూస్తే వాళ్లకు దొరికేది ఆ నాలుగు వారాల పంట. మనం సరదాకు పట్టే ఒక్కో చేప ఆ పంటలోదే. చిన్నప్పుడు చూసీచూడనట్టు పోయారంటే అది వాళ్ల మంచితనం, మన హక్కు కాదు.

గాలం ఎంపికకు దీంతో సంబంధం ఉంది. సరైన సైజు గాలం పెదవి అంచున దిగుతుంది. పిల్లచేప పడితే క్షణంలో తీసి నీళ్లలో వదలొచ్చు. ఎదురు ముల్లు చదును చేసి ఉంటే ఇంకా సులువు. తప్పు గాలమైతే చేప గొంతు దాకా మింగుతుంది, లేదా దవడ చీలుతుంది. వదిలినా బతకదు. ఒకవేళ మింగితే లోపల కెలకకుండా నోటి దగ్గర దారం కోసి వదిలేయడమే నయం. ‘మరి ఎదురు ముల్లు లేకపోతే చేప జారిపోదా?’ అని అడుగుతారు. దారం వదులు చేస్తే జారిపోతుంది. బిగువు తప్పకుండా పట్టుకోవడం నేర్చుకుంటే చాలా వరకు పోదు. కొన్ని పోతాయి. పోతే పోనివ్వండి. మనం పొద్దుటి కూడు కోసం రాలేదు.

* * *

అబ్బాయికి ఇదంతా ఒక్కసారే చెప్పలేదు. చెబితే వినే వయసు కాదది. ముందు సంఘం పెద్దమనిషి ఇంటికి పంపాను. “ఒక్క గాలం, రెండు గంటలు. పడితే తూకం వేసి డబ్బులిస్తాం” అని అడిగి రమ్మన్నాను. వాడు కొంచెం ముఖం ముడుచుకున్నాడు కానీ వెళ్లాడు. నవ్వుతూ తిరిగొచ్చాడు. “మీ తాత కూడా అడిగే ఏసేటోడు” అన్నారట. మా నాన్న జన్మలో గాలం పట్టలేదు. వాళ్లు ఎవరిని తలుచుకుని అన్నారో నాకు అర్థమైంది. వీధి చివరింటి తాత పోయి చాలా ఏళ్లయింది.

మా తమ్ముడు కూడా ఆ రోజు ఊళ్లోనే ఉన్నాడు. కట్ట దాకా మాతో వచ్చాడు. వాడి కుడికన్ను కింద ఇప్పటికీ రెండు చిన్న గీతలుంటాయి. నవ్వితే ముడతల్లో కలిసిపోతాయి. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా దాని గురించి నన్నొక మాట అనలేదు. నేను కూడా ఏనాడూ క్షమించమని అడగలేదు. అన్నదమ్ముల మధ్య కొన్ని అలాగే ఉండిపోతాయి.

డబ్బా తెరిచి అబ్బాయిని అడిగాను, “ఇక్కడ ఏ చేప ఉంది?”

“బంగారు తీగ అని చెప్పారు.”

“దాని నోరు ఎంత ఉంటుంది?”

వాడు ఫోనులో వెతికాడు. బొమ్మ చూశాడు. వేలితో కొలిచినట్టు గాల్లో చూపించాడు. పెద్ద గాలం మీద నుంచి చెయ్యి మెల్లగా జరిగి 8 నంబరు గడి దగ్గర ఆగింది. నేను ఇంకేం అనలేదు. పటకారు చేతికిచ్చి ముల్లు ఎలా నొక్కాలో చూపించాను. గట్టిగా నొక్కితే మొన విరుగుతుంది, మెల్లగా నొక్కితే చదునవుతుంది. రెండోదానికి వాడికి చెయ్యి కుదిరింది.

అప్పుడు తమ్ముడు చెయ్యి చాపాడు. “ఏదీ, ఇటు తే బిడ్డా.”

గాలం తీసుకుని తన భుజం మీది తువ్వాల కొసకు గుచ్చాడు. వెనక్కి లాగాడు. ఒక్క పోగు కూడా లేవకుండా నున్నగా వచ్చేసింది. ఇంకోసారి గుచ్చి లాగాడు. వచ్చేసింది.

“సరే, ఇగ ఏసుకో” అని వాడి చేతికిచ్చి కట్ట మీద కూర్చున్నాడు.

వెనక కాదు, పక్కన.

గంటన్నర తర్వాత ముప్పావు కిలో బంగారు తీగ ఒకటి పడింది. గాలం సరిగ్గా కింది పెదవి మధ్యలో ఉంది. అబ్బాయి రెండు వేళ్లతో పట్టి తిప్పితే ఊడొచ్చింది. సంఘానికి డబ్బులిచ్చి ఇంటికి తెచ్చాం. బజారు మీదుగానే వచ్చాం కానీ వాడు దాన్ని భుజాన వేసుకోలేదు. సంచిలో పెట్టుకున్నాడు.